తోకలేని కూత

ఇన్నేళ్ళ నా బేరాల జీవితంలో అన్నిటికంటే ఘనమైన బేరం ఏదని ఎవరైనా అడిగితే తడుముకోకుండా చెబుతాను. కొత్తకోడలిగా కాపురానికి వచ్చిన ఏడాదే, మా అత్తగారు ఇంట్లో లేని సమయంలో, ఆవిడ ప్రాణంలా చూసుకునే కోడిపుంజును రెండు బలిసిన పెట్టలకూ, ఒక బుట్టెడు ఉప్పులో ఊరేసిన బాతుగుడ్లకూ మార్చేశాను. గుడ్లు కొసరు. కొసరు పుచ్చుకోకుండా బేరం ముగించే ఇంట్లో పుట్టలేదు నేను.

ఈ మాటే మొన్న సైబర్‌జయలో, మా అమ్మాయి ఉండే అపార్ట్‌మెంటు కింద, పక్క ఫ్లాటు పిల్లతో అన్నాను. గుంటూరు నుంచి ఈ మలాయి దేశానికి సాఫ్ట్‌వేరు ఉద్యోగం మీద వచ్చిన పిల్ల. మొదట్లో నా తెలుగు విని నవ్వేది, ఇప్పుడు నవ్వడానికే నా దగ్గరికి వస్తుంది. ఆ రోజు మాత్రం నిద్ర చాలని మొహంతో వచ్చి, "ఆంటీ, ఎవరో కోడిని పెంచుతున్నారు. అలారం కంటే ముందే లేపేస్తోంది. సెక్యూరిటీకి కంప్లయింట్ ఇద్దామా?" అంది. నేను ఆ పిల్ల చెయ్యి పట్టుకుని వినమని నిలబెట్టాను. కార్ల షెడ్డు వెనక, కంచె అవతలి పిచ్చిమొక్కల్లోంచి కూత మళ్ళీ వచ్చింది. ఇంటికోడి కూత చివర సాగుతుంది, వెళ్ళలేక వెళ్ళే చుట్టంలాగా. ఇది సాగలేదు, ఎవరో గొంతు మీద తలుపు వేసినట్టు టక్కున ఆగింది. "ఇది ఎవరూ పెంచేది కాదమ్మా, అడవికోడి. దాని కూతకు తోక ఉండదు," అన్నాను. మీకెలా తెలుసని అడిగింది. అప్పుడు చెప్పాను నా ఘనమైన బేరం సంగతి. ఆ పిల్ల నవ్వుతూ ఉండగానే లిఫ్టు వచ్చి, తలుపు తెరిచి, మూసుకుని వెళ్ళిపోయింది. ఆ పిల్లకు సగమే చెప్పాను. మిగతా సగం, రబ్బరు చెట్లు ఆకు రాల్చే కాలం ఎలా ఉండేదో ఒంటికి తెలిసిన మీవంటివారికి చెబితేనే అర్థం.

నేను పుట్టింది హుటాన్ మెలింటాంగ్‌లో, నది సముద్రంలో కలిసేచోట, చేపలవాళ్ళకు బియ్యం, కిరసనాయిలు, వలతాళ్ళు అమ్మే కొట్టు వెనక గదిలో. మా నాన్న, ఇద్దరు బాబాయిలు, మేనమామ, అందరూ కొట్లవాళ్ళే. మా ఇంట్లో పలక బలపాల కంటే ముందు తక్కెడ చేతికి వచ్చేది. చేపను చూస్తే కన్ను, కోడిని చూస్తే రొమ్ము. బొటనవేలితో నొక్కితే మాంసం ఎంతో, ఎముక ఎంతో చెప్పేసేదాన్ని. అటువంటి నన్ను సుంగై సిపుట్ దగ్గరి రబ్బరు తోటకు కోడలిగా పంపారు. మా ఆయన ఫ్యాక్టరీకి రబ్బరు పాల లారీ తోలేవాడు. మా అత్తగారు ఆ పాల కోసం చెట్లు గీసేది. మామగారు మా పెళ్ళికి ముందే పోయారు. తోటలో కూలీల లైను ఇళ్ళు, చివర చిన్న చర్చి, ఆ వెనక పాత చెట్ల గడ్డ, దాన్ని ఆనుకుని కొండ దాకా అడవి.

ఇంటి వెనక ఒక మేకుకు కట్టిన పుంజు ఉండేది. ఎర్రగా, సన్నగా, కోపంగా ఉండేది. మంచి బియ్యం తినేది, ఒంటికి పట్టేది కాదు. దాని సంగతి నాకెవరూ చెప్పలేదు. ఆ తోటలో పాలు తాగే పిల్లలకు కూడా తెలిసిన విషయం కొత్తకోడలికి తెలియదని ఎవరికీ తోచలేదు. అది దీమం కోడి. అడవిపుంజును కవ్వించి రప్పించడానికి కట్టి ఉంచే పెంపుడు పుంజు. మలాయివాళ్ళు దెనాక్ అంటారు. దాన్ని అడవి అంచున కట్టి, చుట్టూ ఉచ్చుల వరుస నాటి, పొదలో నక్కితే, అది కూస్తుంది. నా గడ్డ మీద ఎవడ్రా అని అడవిపుంజు పోట్లాటకు పరుగెత్తుకొచ్చి ఉచ్చులో కాలు పెడుతుంది. మామగారు దాన్ని గుడ్డు నుంచి తన చేతుల మీద పెంచారు. ప్రతి ఈస్టరుకూ చర్చి ప్రేమవిందులో అడవికోడి కూర మా ఇంటి నుంచే వెళ్ళేది. ఇవన్నీ నాకు తర్వాత తెలిశాయి.

మా అత్తగారు తన కూతురి పురిటికని ఈపో వెళ్ళిన వారంలో, మోటారు సైకిలుకు వెదురు బుట్టలు కట్టుకుని కోళ్ళవాడు వచ్చాడు. తమిళుడు, తంగచ్చీ అని చెల్లెలి వరసతో తీయగా మాట్లాడేవాడు. నా పుంజును చూసి చూడనట్టు చూశాడు. ఆ చూపు పట్టుకోలేకపోయానే అని ఇప్పటికీ నాకు సిగ్గు.

"ఇదేమి కోడి లా, తంగచ్చీ? ఎముకల మూట! పోనీ నీ ముఖం చూసి ఒక పెట్ట ఇస్తా."

"ఎముకలైతే నీకెందుకు అన్నే? రెండు ఇయ్యి. లేకపోతే బండి తీసుకెళ్ళు."

ఏడ్చాడు, మొత్తుకున్నాడు, బండి ఎక్కాడు, దిగాడు. రెండో పెట్ట నా చేతికి ఇచ్చి గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు. నేను గుడ్లు కూడా లాగాను. వాడు వీధి మలుపు తిరిగేదాకా గుమ్మంలో నిలబడి, మా నాన్న చూస్తే ఎంత మురిసిపోతాడో అనుకున్నాను.

అత్తగారు తిరిగొచ్చి, సంచి దించకుండానే పెరట్లోకి వెళ్ళింది.

"ఓలమ్మీ, మావోడేడే?"

నేను వివరంగా, గర్వంగా చెప్పాను. రెండు పెట్టల రొమ్ములూ నొక్కి చూపించాను కూడా. ఆవిడ మేకు వైపు చూసింది, పెట్టల వైపు చూసింది. "రెండిచ్చినాడేటి? బాగా బేరం సేసినావు," అని లోపలికి వెళ్ళిపోయింది. ఒక్క మాట తిట్టలేదు. తిట్టి ఉంటే తిరిగి అనేదాన్ని, మా లెక్క సరిపోయేది.

ఆ సాయంత్రం మా ఆయన చెప్పాడు అసలు సంగతి. ఆ పుంజు కూసి ఆగాక గొంతులో చిన్నగా గురగురమనేదట, ఏదో చెప్పి సెలవు తీసుకున్నట్టు. మామగారు బతికున్నన్నాళ్ళూ ఎక్కడున్నా దానికి "ఊఁ" అని బదులిచ్చేవారు. ఆయన పోయాక ఆ "ఊఁ" అత్తగారు అంటోంది. పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని పెరటి మెట్టు మీద కూర్చుని ఆవిడ తనలో తాను ఏదో అనుకుంటుందని నేను చూశాను, వినలేదు. మర్నాడు మా ఆయన లారీ దిగి కోళ్ళవాణ్ణి వెతుక్కుంటూ వెళ్ళాడు. వాడు ఆ పుంజును అప్పటికే గెరిక్ వైపు వేటగాడికి అమ్మేసి, ఆ వేటగాడి పేరు గుర్తులేదన్నాడు.

తరవాత రోజుల్లో ఆ ఇంట్లో అన్నం పెట్టేవారు, నీళ్ళు తోడేవారు, మాట మాత్రం వినబడేది కాదు. అత్తగారు నన్ను చుట్టపు మనిషిలా చూసేది, అంతకంటే శిక్ష ఏముంటుంది? ఇంటి మనిషితో పోట్లాడతారు, చుట్టాన్ని మర్యాదగా సాగనంపుతారు. నాకు ఆ మర్యాద భయం పట్టుకుంది.

రబ్బరు చెట్లు ఆకు రాల్చడం మొదలైంది. మీకు గుర్తుండే ఉంటుంది, పాలు తగ్గి, కత్తులకు కాస్త విరామం దొరికే రోజులు. ఎప్పుడూ చీకటిగా ఉండే తోట ఒక్కసారిగా ఆకాశం కనబడేలా తెరుచుకునేది, కాలు పెడితే చాలు అప్పడాల మూట మీద కాలు వేసినట్టు చప్పుడు. అడవిపుంజులు గొంతు విప్పేది కూడా అప్పుడే. ఈస్టరుకు ముందరి శ్రమల దినాలు ప్రవేశించాయి. ఆదివారం ఆరాధన అయ్యాక ఎవరో పెద్దావిడ మామూలుగా అడిగింది, ఈయేడు కూర ఉంటాదా అని. అత్తగారు తడుముకోకుండా "ఉంటాది" అంది. ఇంటికి వచ్చాం. గుమ్మం దగ్గర తిరిగి, "కోడి నేదు గదా. నువ్వే కుయ్యాల," అంది.

తమాషాకు అనలేదు. దీమం లేని వేటగాళ్ళు నోటితో కూసి రప్పించడం ఉందట. మామగారు కుర్రతనంలో అలాగే చేసేవారట. పోగొట్టినది నేను కాబట్టి పుంజు పని నాదే. నేను వెంటనే ఒప్పుకున్నాను. ఆ ఇంట్లో చాలా రోజుల తరవాత నాకు ఒక పని చెప్పారు, కూయమన్నా సరే.

మొదట చప్పుడు. పుంజు కూసే ముందు రెక్కలు కొట్టుకుంటుంది. కట్టుకున్న కైలి లుంగీ కొంగు మడిచి తొడ మీద పటపటా కొట్టాలి, మరీ బలంగా కాదు, మరీ మెత్తగా కాదు. తరవాత నడక. మనిషి అడుగులు ఒకే తూకంలో పడతాయి, అడవికోడి అలా నడవదు. గబగబా నాలుగడుగులు వేసి, ఆగి, కాలితో ఆకులు చిమ్మి, మళ్ళీ ఆగాలి. పెరట్లో ఎండుటాకులు పోసుకుని నేను చిమ్ముతుంటే లైను ఇళ్ళ పిల్లలు బారులు తీరి చూసేవాళ్ళు. ఆ తరవాత కూత. అక్కడ వచ్చింది చిక్కు. నా కూత ఆగదు. పుట్టిన దగ్గర్నుంచీ ఏ మాటనూ కొసరు లేకుండా ముగించని నోరు ఇది. కూత చివర కూడా కాస్త సాగేది.

"అలగ సాగదీస్తే పుంజొస్తాదేటే? పాలోడొస్తాడు!" అనేది అత్తగారు.

పక్కింటి ఆవిడ గోడ మీంచి తల పెట్టి, "ఏటి పిన్నీ, కోడలికి జొరమేటి? రేత్తెల్లారితే ములుగుతాది," అంది.

"జొరం కాదే. బేరం," అంది అత్తగారు. పెరడంతా నవ్వింది. మా ఆయన ఆ మధ్య లారీ కడగడానికి తెల్లవారకముందే వెళ్ళిపోయేవాడు. నాకు మాత్రం చాటుగా సంతోషం. అత్తగారు నన్ను నలుగురి ముందు ఎగతాళి చేసింది, చుట్టాన్ని ఎవరూ ఎగతాళి చెయ్యరు.

కూత కుదిరాక పాత చెట్ల గడ్డకు తీసుకెళ్ళింది. ఉచ్చులు మా మామగారివే, సన్నని పుల్లలకు కట్టిన వలయాలు. తాళ్ళు మాత్రం పుచ్చిపోయాయని నేను మా నాన్న కొట్టు నుంచి గాలపు తాడు తెప్పించి మార్చాను. పుట్టింటి నుంచి తెచ్చుకున్న సారెలో అత్తగారు చేత్తో తడిమి చూసింది ఆ ఒక్కటే. మొదటిరోజు నా కూతకు లోయలోంచి బదులు వచ్చింది. సంతోషం పట్టలేక వెంటనే మళ్ళీ కూశాను. అది బదులిచ్చింది, నేను మళ్ళీ కూశాను. కాసేపటికి అది నోరు మూసుకుంది, ఇక ఆ రోజుకు తెరవలేదు.

"మాటకి మాట అప్పసెప్తే ఎవుడొస్తాడే? నువ్వెవరివో, ఎక్కడున్నావో, ఎంతటిదానివో అంతా సెప్పేసినావు. ఇంకాడికి పనేటి?"

మరోసారి నడక తప్పాను. ఇంకోసారి తుమ్మాను. చెట్లకు రాగి రంగు చిగుళ్ళు వచ్చేశాయి, అవి ముదిరి ఆకుపచ్చబడుతున్నాయి. నీడ కమ్మితే పుంజులు లోపలికి వెళ్ళిపోతాయి. మట్టల ఆదివారం గడిచింది. మంచి శుక్రవారం మేము అడవికి పోలేదు. మిగిలింది శనివారం తెల్లవారు ఒక్కటే. ఆ ముందురోజు సాయంత్రం అత్తగారు కూర కుండ తోమి బోర్లించింది. ఆవిడ చర్చి ముందు "ఉంటాది" అన్న మాట ఆ కుండ కింద ఉన్నట్టు అనిపించింది.

శనివారం మంచు ఇంకా విడవలేదు. ఉచ్చుల వెనక పొదలో ఇద్దరం కూర్చున్నాం, ఆవిడ మోకాలు నా వీపుకు ఆనించి. తొడ మీద కొట్టి, కూసి, ఆపాను. గడ్డ అంచున పారే కాలువ అవతల నుంచి బదులు వచ్చింది, దగ్గరగా, కోపంగా. కానీ కాలువ దాటదు. మళ్ళీ కూయాలని గొంతు దాకా వచ్చింది. అప్పుడు, ఎక్కడినుంచి వచ్చాడో, మా నాన్న కళ్ళ ముందు కనబడ్డాడు. ధర చెప్పాక మా నాన్న నోరు విప్పేవాడు కాదు. పాత కాగితాలు పొట్లాలుగా మడుచుకునేవాడు. ఎదుటివాడు ఇంకా తటపటాయిస్తుంటే, ఒక్క మాట అనకుండా, సరుకు తీసి తిరిగి అలమరలో పెట్టేవాడు. చెయ్యి అలమర దాకా వెళ్ళేలోపు గిరాకీ జేబులో చెయ్యి పెట్టేవాడు.

నేను సరుకు అలమరలో పెట్టాను. పొదలోంచి వెనక్కి, వంగి, గబగబా నాలుగడుగులు వేసి ఆగాను. ఆకులు చిమ్మాను. మళ్ళీ నాలుగడుగులు, ఇంకా దూరంగా. పోతున్నాను నాయనా, నీ ఇష్టం. అప్పుడు పుంజులా కాదు, పెట్టలా, లోగొంతుతో ఒకసారి మెల్లగా కొక్కరించి ఊరుకున్నాను. ఇది ఆవిడ నేర్పింది కాదు. దూరం నుంచి చూస్తే అత్తగారు నోరు తెరిచి నా వైపే చూస్తోంది.

కాలువ అవతల ఆకులు చిటపటలాడాయి. అది నడిచి రాలేదు, పరుగెత్తింది. తల కిందికి, మెడ ఈకలు బంగారు గొడుగులా విప్పి, తోక మొదట్లో తెల్లని కుచ్చు మెరుస్తూ, ధర మించిపోతోందని భయపడిన గిరాకీలాగే పరుగెత్తింది. ఉచ్చులో పడ్డ చప్పుడు నేను వినలేదు. అత్తగారి కేక విన్నాను: "పడ్డాడే!"

ఆవిడ తలగుడ్డ తీసి దాని కళ్ళ మీద కప్పి, నా చేతుల్లో పెట్టింది. దాని గుండె నా అరచేతిలో టకటకా కొట్టుకుంటోంది. అలవాటు కొద్దీ నా బొటనవేలు దాని రొమ్ము మీదికి వెళ్ళింది. మాంసం లేదు. అన్నీ ఎముకలే, పాతదానిలాగే. ఈసారి నేను ధర కట్టలేదు.

"దీన్ని కొయ్యను," అంది అత్తగారు. నాకు మతి పోయింది. రేపు ఈస్టరు, కుండ బోర్లించి ఉంది, వారాల తరబడి కోడినై తిరిగాను. "నువ్వు పిలిస్తే వచ్చినాడు. పిలిసినోడిని కోసుకుంటామేటి? ఉండనీ, ఇంట్లో కూత నేదు," అని దాన్ని పాత మేకుకు కట్టేసింది. కోళ్ళవాడు ఇచ్చిన పెట్టల్లో బలిసినదాన్ని ఆ సాయంత్రం కోసింది.

ప్రేమవిందులో మూత తీయగానే కనిపెట్టేశారు. ఆ పెద్దావిడే గరిటెతో కలిపి, "ఇది అడివిది కాదే, కొవ్వుంది," అంది. నేను తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియక పళ్ళాలు పంచుతున్నాను. అత్తగారు అందరికీ వినబడేలా అంది: "కోడలు పిలిసిన కోడి ఇంటికాడుంది, ఎల్లి సూసుకోండి. ఇది కోడలు బేరమాడిన కోడి. ఏది తక్కువ?" ఆ మధ్యాహ్నం చర్చిలోంచి జనం తిన్నగా మా పెరట్లోకి వచ్చారు. పుంజును చూశారు, ఆ తరవాత నన్ను చూశారు. ఒక ముసలాయన నన్ను కూయమన్నాడు, అత్తగారు వద్దంది. ఊరికే కూసే గొంతు కాదట అది. అంతకుమించిన పొగడ్త నేను తరవాత ఎప్పుడూ వినలేదు.

అడవిపుంజు మనిషికి మాలిమి కాలేదు గానీ, మిగిలిన పెట్టకు అయింది. వాటి పిల్లల్లో ఒకదాని కూతకు తోక లేదు. దాన్ని నేనే చేతి మీద పెంచి దీమం చేశాను. మరుసటేడు నుంచి కూర కుండ మళ్ళీ అడవికోడితోనే నిండింది, పక్క తోటలవాళ్ళు దీమం అరువడగడానికి మా గుమ్మం ఎక్కారు. ఆఖరికి ఆ కోళ్ళవాడే వచ్చి, చూసి చూడనట్టు చూసి, "తంగచ్చీ, ఆ ఎముకల మూట ఇస్తావా లా?" అన్నాడు. నేను సమాధానం చెప్పకుండా పాత కాగితాలు మడుచుకోవడం మొదలుపెట్టాను. లోపల్నుంచి అత్తగారి నవ్వు వినబడింది. వాడు బండి ఎక్కాడు, ఈసారి దిగలేదు.

ఇప్పుడా పాత చెట్ల గడ్డ మీద పామాయిలు తోట, దాని పక్కన వరస ఇళ్ళు. అడవికోడి మీద చెయ్యి వెయ్యాలంటే సర్కారు అనుమతి కావాలి. కావాల్సిందే, మిగిలినవే కొన్ని. నా మనవలకు నా మాట అర్థమవుతుంది, జవాబు ఇంగ్లీషులో వస్తుంది. నా కూత నేర్చుకున్నవాళ్ళు లేరు. మొన్న ఆ గుంటూరు పిల్ల ముందు, కార్ల షెడ్డులో, చీర కొంగు మడిచి తొడ మీద కొట్టి ఒక్కసారి కూశాను. గొంతు పాతబడింది గానీ తోక లేకుండానే ఆగింది. కంచె అవతలి నుంచి బదులు వచ్చింది. ఆ పిల్ల ఫోను తీస్తూ "ఇంకోసారి ఆంటీ!" అంది. నేను నోరు మూసుకుని వెనక్కి నాలుగడుగులు వేశాను. మొక్కల్లోంచి ఎర్రని మెడ బయటికి వచ్చి మా ఇద్దరినీ చూసింది. నా చేతిలో ఉచ్చు లేదు, కంప్లయింటు సంగతి ఆ పిల్ల మళ్ళీ ఎత్తలేదు.

కొట్టు కట్టే ముందు లెక్క చూడాలి కదా. నేను ఇచ్చింది ఒక పుంజు. దానికి నాకు వచ్చింది ఒక ఈస్టరు కూర, ఒక పిల్లల తల్లి పెట్ట, ఉప్పుగుడ్లు (సగం మురిగినవి, దాచడం ఎందుకు), ఎక్కడ ఆపాలో తెలిసిన గొంతు, నన్ను నలుగురిలో తిట్టగలిగినంత దగ్గరైన అత్తగారు. ఇంతవరకు లాభమే, మా నాన్న ఒప్పుకునే లాభం. కానీ ఆవిడ ఉన్నన్నాళ్ళూ ఒకటి గమనించాను. పొద్దున్నే పెరటి మెట్టు మీద కూర్చునేది. నేను పెంచిన పుంజు కూసేది, టక్కున ఆగేది. ఆవిడ మాత్రం చెవి ఒగ్గి ఇంకొంచెం సేపు ఆగేది, ఆ గురగుర కోసం. అది వచ్చేది కాదు. నోటిదాకా వచ్చిన "ఊఁ"ను మింగి కాఫీ గ్లాసు ఎత్తేది. ఆ కొంచెం సేపు నేను తీర్చలేదు. అది నా పేరు మీదే బాకీ ఉంది.